ఆఖరి పెట్టెలోంచి చూసిన ఊళ్ళు

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ఆ ప్రాంతాన్ని దూరమైపోతుండగానే చూశాడు.

గూడ్సు బండికి గార్డు. ఆఖరి పెట్టె ఆయనది. దాని వెనక భాగంలో పిట్టగోడంత ఎత్తున ఇనుప కమ్మీలు, వాటి లోపల ఒక చెక్క బల్ల. ఆ బల్ల మీద కూర్చుంటే ముఖం వెనక్కి తిరిగి ఉంటుంది. రాబోయేదేమిటో ఇంజను డ్రైవరు చూసుకుంటాడు. గార్డు చూసేది దాటొచ్చినదాన్ని.

కంకర, సిమెంటు, ఎరువుల బస్తాలు, కోతలయ్యాక గింజలు. నలభై రెండు పెట్టెల బరువు లాగుతూ బండి ఆ మూడు చిన్న ఊళ్ళనీ, వాటి మధ్య పొలాలనీ తీరిగ్గా దాటేది. ఆ ఊళ్ళు పట్టాలకి వీపు పెట్టి కూర్చున్నాయి. అందుకని ఆయనకి తెలిసిందంతా వాటి వీపే. ఆరేసిన బట్టలు, కోళ్ళ గూళ్ళు, కట్టెల మోపులు, కాలు విరిగిన కుర్చీలు, వెనక మెట్ల మీద అద్దం పెట్టుకుని గడ్డం గీసుకునే మనుషులు. ఏ ఇంట్లో ఎన్ని దుప్పట్లున్నాయో చెప్పగలడు. ఆ ఇంటి వీధి తలుపు ఏ రంగో చెప్పలేడు.

ఎప్పుడూ దిగలేదు. డ్యూటీ ఒక పెద్ద యార్డులో మొదలై ఇంకో పెద్ద యార్డులో ముగిసేది. మధ్యలో ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి బండిని పక్క లైన్లో నిలిపేవారు. ఇంజను స్టేషను దగ్గర, టీ కొట్టుకి ఎదురుగా ఆగేది. ఆఖరి పెట్టె అర కిలోమీటరు వెనక ముళ్ళపొదల్లో ఆగేది. "నీకు టీ, నాకు ముళ్ళు" అనేవాడు డ్రైవరుతో. డ్రైవరు నవ్వేవాడు. టీ మాత్రం ఏనాడూ పంపలేదు.

దారిలో ఎవరైనా కనిపిస్తే టోపీ తీసి ఒకసారి పైకెత్తేవాడు. కొందరు చెయ్యి ఊపేవాళ్ళు. వాళ్ళకి ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. చీపురు మామ్మ. ఎర్ర తలగుడ్డ ఆవిడ. మూడు కుక్కల ఆసామి. ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చుని భార్యకి చెప్పేవాడు.

"ఇవాళ చీపురు మామ్మ పెరట్లో కొత్త నిచ్చెన వేశారు."

"ఎందుకట?"

"ఏమో. ఈలోగా వంపు వచ్చేసింది."

ఆయన చెప్పిన ప్రతి సంగతీ ఆ వంపు దగ్గరే ఆగేది. మూడు కుక్కల ఆసామి చెరువుగట్టు మీద ఎవరితోనో గట్టిగా అరుస్తున్నాడు. ఎవరితో? వంపు వచ్చేసింది. తెల్లగౌను వేసుకున్న పిల్ల పెరటి గోడ దూకింది. తర్వాత? వంపు. "ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈయన ఒక్క కథకీ ముగింపు చెప్పలేదే" అని ఆవిడ చెల్లెలితో అనేది.

ఆయన రిటైరయ్యాడు. నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. భార్య చెల్లెలు నగరంలో ఉంది. వాళ్ళ మేడలో కింది వాటా ఖాళీ అయింది. వీళ్ళు వస్తే వీళ్ళకి, లేకపోతే ఇంకొకళ్ళు కాచుకుని ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా ఏదో ఒకటి చెప్పమంది.

ఆయనకి మాత్రం ఆ మూడు ఊళ్ళలో ఏదో ఒక ఊళ్ళో ఉండాలని. ఇది కొత్త కోరిక కాదు. బల్ల మీద కూర్చుని వెనక్కి చూసినంత కాలం ఉన్న కోరిక. భార్యకి చెప్పాడు. ఆవిడ పప్పు డబ్బా మూత బిగించి పక్కన పెట్టి, "చూపించండి" అంది. "చూసి చెప్తాను. నాకు నచ్చలేదంటే మాత్రం మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

"ఎత్తను."

"పడుకున్నప్పుడు నిట్టూర్చకూడదు కూడా."

దానికి ఆయన కొంచెం ఆలోచించి ఒప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న పాసింజరు దిగి నడిమి ఊరి స్టేషను బయటికి వచ్చారు. చిన్న కూడలి. మందుల దుకాణం, ఇనుప సామాన్ల కొట్టు, క్షౌరశాల, రొట్టెలు కాల్చే వాసన. ఒక గుర్రపుబండి లోంచి కాబేజీలు దించుతున్నారు. ఆయన చేతిలో పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇదేనా?" అంది భార్య.

"ఇదే అయ్యుండాలి."

లాడ్జిలో సామాను పడేశారు. ఇద్దరు మనుషులకి సరిపడే గది, వీధి వైపు కిటికీ, గోడకి ఒక కొక్కెం. లాడ్జి నడిపే ఆవిడ చేతికి తాళంచెవి ఇస్తూ, కుళాయి కుడి వైపు తిప్పితే చన్నీళ్ళు, ఎడమ వైపు తిప్పినా చన్నీళ్ళే అని చెప్పింది.

"ముందు చీపురు మామ్మ ఇల్లు చూద్దాం" అన్నాడాయన. "సులువు. స్టేషను దాటాక ఎడమ వైపు మూడో ఇల్లు."

ఎడమ వైపు నడిచారు. మూడో ఇల్లు లేదు, మొదటి ఇల్లూ లేదు. బంగాళాదుంపల గోదాము ఉంది. నలుగురు మనుషులు బస్తాలు కాటా మీదికి ఎక్కించి దించుతున్నారు.

"ఎవరి కోసమండీ?" అన్నాడు కాటా దగ్గరి మనిషి.

"చీపురు మామ్మ ఇల్లు ఎక్కడ బాబూ?"

"చీపుర్లు కావాలంటే ఇనుప కొట్లో అడగండి."

ఆవిడ ఒక బస్తా మీద కూర్చుంది. చెప్పులో పడిన ఇసుక దులుపుకుంటూ ఆలోచించింది.

"ఏమండీ, మీ బల్ల మీద ఎటు తిరిగి కూర్చునేవారు?"

"వెనక్కి."

"అయితే మీ ఎడమ మాకు కుడి."

ఆయన ఒక చెయ్యి అటూ ఇంకో చెయ్యి ఇటూ చాచి, తనలో తనే బండిని ఒకసారి నడిపి చూసుకున్నాడు. నిజమే.

"ఇన్నేళ్ళూ ఆ ఇళ్ళన్నీ నేను తప్పు వైపు పెట్టుకున్నాను" అంది ఆవిడ. "చీపురు మామ్మని, కుక్కల్ని, చెరువుని. ఇప్పుడు అన్నిటినీ లేపి అవతలకి మోయాలి."

కాటా దగ్గరి మనిషికి ఏమీ అర్థం కాలేదు. అయినా ఇద్దరికీ చెరో మంచి దుంప ఇచ్చాడు. దారిలో ఎక్కడైనా కాల్చుకోమన్నాడు.

కుడి వైపు వీధిలో ఇళ్ళున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తలుపు, కిటికీ, రెండు మెట్లు. ఆయన ప్రతి తలుపు ముందూ ఆగి, తల అడ్డంగా ఊపి ముందుకి నడిచాడు. చివరికి ఆవిడే ఒక సందు చూపించింది. సందు దాటితే పట్టాల పక్కన మనిషి నడిచేంత కాలిబాట. అటు తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో ఆయన ముఖం మారిపోయింది.

"ఇదిగో. ఇదిగో పచ్చ కోళ్ళగూడు. ఇది ఏడు దుప్పట్ల ఇల్లు. ఆ కుర్చీ ఇంకా బాగు చేయించలేదు చూడు."

ప్రతి పెరటి కంచె మీదా చేతులాన్చి చూశాడు. ఆవిడ కూడా చూసింది. ఒక పెరట్లో చిక్కుడు తీగెకి పురికొసలు ఎంత ఒద్దికగా కట్టారో చూసి, ఇంట్లో మనిషికి ఓపిక ఉంది అంది. పై కిటికీలోంచి ఎవరో తల బయటపెట్టారు.

"ఎవరండీ అక్కడ? ఏం కావాలి?"

"ఏం వద్దండీ, పెరడు చూస్తున్నాం" అంది ఆవిడ.

"ఎందుకు?"

"బాగుందని."

కిటికీలో తల కాసేపు ఆలోచించి లోపలికి పోయింది.

తర్వాతి పెరట్లో ముసలావిడ. చేతిలో చీపురు. ఆయన అడుగు వేగం పెంచాడు. పలకరించి, తను ఎవరో చెప్పాడు. ఆవిడ మర్యాదగా విని, "రైలా? రైళ్ళు చాలా పోతాయి నాయనా" అని ఊడ్చుకోసాగింది.

భార్య కంచె దగ్గరికి వచ్చింది. "మామ్మగారూ, ఒక్కటే అడుగుతాను. ఆరేళ్ళ కిందట మీ పెరట్లో కొత్త నిచ్చెన వేశారు. ఎందుకు?"

చీపురు ఆగింది.

"నిచ్చెన సంగతి నీకెలా తెలుసమ్మా?"

"ఈయన చూశారు. ఎందుకో చూసేలోగా వంపు వచ్చేసిందట."

మామ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మా ఆయన మధ్యాహ్నం కునుకు తీసేది కప్పు మీదే. కింద నా గురక పడలేకపోతున్నానని నిచ్చెన కొనుక్కున్నాడు. అక్కడ పడుకుని ఆయన పెట్టే గురక వీధంతా విన్నారు. నాకంటే పెద్దది. ఇరుగూ పొరుగూ వచ్చి దింపారు."

భార్య కంచె పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆరేళ్ళ నాటి కథకి ముగింపు దొరికింది. మామ్మ కూడా నవ్వి, లోపలికి రమ్మని తేనె వేసిన వేడి పాలు ఇచ్చింది. వెనక తలుపులోంచే వెళ్ళారు.

సాయంత్రం లాడ్జిలో ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"నన్నెవరూ గుర్తుపట్టలేదు" అన్నాడు.

"మీ ముఖం వాళ్ళెప్పుడు చూశారని?"

"ముప్ఫై ఏళ్ళు టోపీ ఎత్తాను."

"రేపు చూద్దాం లెండి. ఇంకా ఎర్ర తలగుడ్డ ఉందిగా."

శనివారం పొద్దున్నే పొలాల దారి పట్టారు. రెండు పక్కలా మొక్కజొన్న, మనిషి ఎత్తు. ఆకుల అంచున మంచు. కొంత దూరం పోయాక పొద్దుతిరుగుడు పూలు, వేలకి వేలు, అన్నీ ఒకే వైపు. ఆయన వాటిని ఎప్పుడూ వెనక నుంచే చూశాడు. పచ్చని తొడిమెలు, వంగిన మెడలు. ఇప్పుడు ముందుకి వచ్చి నిలబడితే పసుపు. ఒకటీ అరా కాదు. కంటికి ఆనినంత మేరా పసుపు.

"ఇంత ఉందని మీరెప్పుడూ చెప్పలేదే" అంది ఆవిడ.

"నాకూ తెలీదు."

ఒక రాతి మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టె తిన్నారు. ఒక ట్రాక్టరు వాళ్ళని దాటిపోతూ ఆగి, ఎక్కుతారా అని అడిగింది. నడుస్తాం అన్నారు. ఎందుకు నడుస్తారని ట్రాక్టరు మనిషి అడిగాడు. చూడటానికి అన్నారు. అతను తన చుట్టూ ఒకసారి చూసి, సరేనని పోయాడు.

పట్టాల పక్కన, వంపుకి ముందు, ఎర్ర తలగుడ్డ ఆవిడ పొలం. ఆవిడా, భర్తా ఇంటి ముందు కూర్చుని టమాటాలు ఏరి పెట్టెల్లో సర్దుతున్నారు. మెత్తవి ఒక పక్క, గట్టివి ఒక పక్క. తలగుడ్డ ఎరుపు బాగా వెలిసింది. ఆయన తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నేను గూడ్సు గార్డునమ్మా. ఆఖరి పెట్టె. టోపీ ఎత్తేవాణ్ణి."

ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. "టోపీ ఎత్తే ఆయన తెలుసండీ. ఎందుకు తెలీదు? కానీ ఆయన మీరు కాదు."

"నేనే."

"ఆయన చిన్నగా ఉంటాడు."

"చిన్నగా అంటే పొట్టిగానా?" అంది భార్య.

"కాదక్కా. చిన్నగా." బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించింది. "ఇంత."

తలగుడ్డ ఆవిడ భర్త టమాటా చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "అది దూరం వల్లే" అన్నాడు. "ఈయన్ని దూరం పంపి చూడు."

అందరికీ అది న్యాయంగానే తోచింది. గార్డుకి టోపీ లేదు. భర్త తన గడ్డిటోపీ ఇచ్చాడు. ఆయన దాన్ని పెట్టుకుని, వాళ్ళకి ఎదురుగా నిలబడి, బండిలో పోయినట్టే ముఖం ఇటు పెట్టి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు?" అని అరిచాడు పదిహేను అడుగులకి.

"కాదండీ. ఇంకొంచెం చిన్నవ్వండి."

ఇంకో ఇరవై అడుగులు.

"ఇప్పుడు?"

"ముక్కు పోతోంది. అదే వస్తోంది. ఇంకొంచెం."

భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన రావడమే ఆవిడ చూసింది. పోతుంటే ఎలా ఉంటాడో ఇప్పుడు చూస్తోంది. సన్నగా, నిటారుగా, కొంచెం పక్కకి ఒరిగి.

"టోపీ, టోపీ ఎత్తండి."

ఆయన ఎత్తాడు. ఎత్తి, ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు కింద నేల లేదు. పొలానికి నీళ్ళు పారే కాలవ ఉంది. గడ్డిటోపీ ఒక్కక్షణం గాల్లో కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు.

"ఆయనే" అంది ఎర్ర తలగుడ్డ ఆవిడ. "అచ్చం ఆయనే. వంపు దగ్గర అలాగే మాయమయ్యేవాడు."

పరిగెత్తారు. నీళ్ళు మోకాలు లోతే. ఆయన బురదలో కూర్చుని ఉన్నాడు. చీలమండ మెలిపడింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

వాళ్ళ బండిలో టమాటా పెట్టెల మధ్య కూర్చోబెట్టి ఊళ్ళోకి తీసుకొచ్చారు. వార్త ఆయన కంటే ముందే చేరింది. ఎలా చేరిందో ఎవరికీ తెలీదు. సాయంత్రానికి లాడ్జి గది నిండిపోయింది. చీపురు మామ్మ వచ్చి, చెయ్యి ఊపేది నేనేనని ఇప్పుడు గుర్తొచ్చింది అంది. మూడు కుక్కల ఆసామి వచ్చాడు. ఇప్పుడు ఐదు కుక్కలు. వాటిని కిందే కట్టేశాడు. చెరువుగట్టు మీద అరిచింది ఎవరితోనని భార్య అడిగితే, "ఎవరితోనూ కాదు. చెవిటి బాతు ఒకటి ఉండేది. దాంతో" అన్నాడు. క్షౌరశాల మనిషి వచ్చి ఆయన గడ్డం గీసిపెట్టాడు. ఒక్కొక్కరూ గుమ్మం దాకా వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూసి, "అవునవును" అని తలూపి పోయారు.

అందరూ పోయాక ఆయన వాచిన కాలు తలగడ మీద పెట్టుకుని, "ఎలా ఉంది?" అన్నాడు.

ఆవిడ కప్పులు కడుగుతోంది. "నవ్వొచ్చింది."

"నవ్వొస్తే నచ్చినట్టేగా."

"నవ్వడం వేరు, ఉండటం వేరు." ఒక కప్పు తుడిచి పెట్టింది. "ఇవాళ పద్నాలుగు మంది వచ్చారు. అందరూ మిమ్మల్ని చూడ్డానికి. నేను టీ పోశాను. క్వార్టర్సులోనూ మీ వాళ్ళు వస్తే నేను టీ పోశాను. టీ పోయడానికి ఇంత దూరం రావాలా? చెల్లెలి ఇంట్లో అయితే కనీసం కుళాయిలో వేడినీళ్ళు వస్తాయి."

ఆయన నిట్టూర్చబోయి, మాట గుర్తొచ్చి మానుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఆవిడ లేచి తల దువ్వుకుని కిందికి దిగింది. లాడ్జి ఆవిడ వాకిలి కడుగుతోంది.

"ఈ చుట్టుపక్కల రైలు పట్టాలు వెళ్ళని ఊరేదైనా ఉందా?"

"ఉందండీ. కొండ వెనక. ఎనిమిదింటికి బస్సు. కానీ అక్కడ చూడ్డానికేం లేదు."

"అది నేను చూసుకుంటాను."

ఆయనతో మాత్రం, "మీరు కాలు కదపకండి. ఇది నేను ఒక్కదాన్నే చూడాలి" అంది. బకెట్లో ఉప్పు కలిపిన వేడినీళ్ళు తెప్పించి, ఆయన కాలు అందులో పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నం పన్నెండింటికి తిరుగు బస్సు వచ్చింది. కిటికీలోంచి చూశాడు. ఒక రైతు, ఒక నర్సు, రెండు సైకిళ్ళు దిగాయి. ఆవిడ దిగలేదు. ఫోన్ చేస్తే మోగలేదు. నీళ్ళు చల్లారాయి. ఒంటిగంట. రెండు. ఇన్నేళ్ళలో ఆవిడ తన కోసం ఎన్నిసార్లు ఇలా కిటికీ దగ్గర కూర్చుందో లెక్కేయబోయి, మధ్యలో వదిలేశాడు.

మూడింటికి మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, అక్క ఫోన్ కలవట్లేదు. ఏం చేశారు దాన్ని?"

"ఏదో ఊరు చూడ్డానికి వెళ్ళింది."

"వస్తున్నారా, రావట్లేదా? అవతలవాళ్ళు మా ఇంటి ముందే తచ్చాడుతున్నారు. మీరు చెప్పినా చాలు."

ఆయన నోటిదాకా వచ్చింది. రావట్లేదు అంటే అయిపోతుంది. ఒక్క మాట. కిటికీలోంచి కూడలి కనిపిస్తోంది. ఎవరో రొట్టెలు చంకలో పెట్టుకుని పోతూ పైకి చూసి చెయ్యి ఊపారు.

"ఆరింటి దాకా టైముందిగా" అన్నాడు. "మీ అక్క వచ్చి చెప్తుంది."

నాలుగు నలభైకి ఇంకో బస్సు. ఆవిడ ముందు తలుపులోంచి దిగింది. చెప్పులకి బురద. జుట్టులో ఒక కోడి ఈక. చంకలో కాబేజీ. డ్రైవరు కిందికి వంగి ఏదో అన్నాడు. ఆవిడ వేలు చూపించి ఏదో బెదిరించింది. ఇద్దరూ నవ్వారు.

మెట్లెక్కి వచ్చి, కాబేజీ బల్ల మీద పెట్టి, మంచం మీద కూలబడింది.

"పన్నెండు బస్సుకి రాలేదేం?" అన్నాడు.

"పనుండి."

"నీకక్కడ పనేంటి?"

"చెప్పనిస్తారా? బస్సెక్కాను. ముందు సీట్లో కూర్చున్నాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఇక్కడ బస్సు మనుషుల కోసమే కాదండీ. దారిలో ప్రతి పొలం గేటు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఒకడు పంపు ముక్క ఇచ్చి, రెండో వంతెన దగ్గర మా బావమరిదికి ఇచ్చెయ్యమంటాడు. ఒకావిడ మందు సీసా ఇస్తుంది. డ్రైవరు తీసుకుని, ముందు సీట్లో ఎవరుంటే వాళ్ళ ఒళ్ళో పెడతాడు. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళే అన్నీ అందించాలి. అది ఇక్కడి పద్ధతట."

"నీ ఒళ్ళో పెట్టాడా?"

"కొండ ఎక్కేసరికి నా ఒళ్ళో కోడిపిల్లల బుట్ట, ఒక రంపం, రెండు ఉత్తరాలు, ఎవరి కళ్ళజోడో. మొదటి గేటు దగ్గర తప్పు మనిషికి రంపం ఇచ్చాను. బస్సులో అందరూ ఒక్కసారి, 'ఆయనకి కాదమ్మా' అన్నారు. రెండో గేటు నుంచి అడిగి ఇచ్చాను. నాలుగో గేటు నుంచి నేనే పిలవడం మొదలుపెట్టాను. ఎవరండీ కళ్ళజోడు, దిగి తీసుకోండి అని."

ఆయన కాలు నొప్పి మర్చిపోయి ముందుకి వంగాడు. "ఆ తర్వాత?"

"కొండ దాటాం. అవతల చిన్న లోయ. లోయంతా పళ్ళచెట్లు. మధ్యలో ఊరు. ఒకటే వీధి, కొంచెం వంకరగా కిందికి దిగుతుంది. ఆ వీధిలో ఇళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉంటాయి. బస్సు రొట్టెల దుకాణం ముందు ఆగుతుంది. ఆఖరి సామాన్లన్నీ అక్కడ దించేస్తారు. ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళాలి. ఇదివరకు ఎదురింట్లో ఒక ముసలావిడ అవన్నీ దగ్గర పెట్టుకుని, ఎవరిది ఏదో చూసి ఇచ్చేదట. ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పట్నించీ అన్నీ దుకాణంలోనే పడుంటున్నాయి. నేను వెళ్ళేసరికి రొట్టెలాయన పిండి మీద కోళ్ళు నడుస్తున్నాయి. ఆయన వాటితో పోట్లాడుతున్నాడు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? కోళ్ళని పట్టుకున్నాను. తర్వాత సామాన్లన్నీ వరసగా పెట్టాను. పన్నెండు లోపు పదకొండు మంది వచ్చారు. ఎవరిది ఏదో వాళ్ళని అడిగి ఇచ్చాను. ఒకాయన తనది కాని గొడ్డలి పట్టుకుపోబోయాడు. ఆపాను. గొడ్డలి చూడగానే మనది కాదని తెలీదా అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది."

ఆవిడ ముఖం ఎండకి ఎర్రబడి ఉంది.

"వాళ్ళకి మీరెవరో తెలీదు" అంది. "రైలే తెలీదు సగం మందికి. నన్ను మాత్రం పళ్ళతోటలావిడ భోజనానికి కూర్చోబెట్టింది. సాయంత్రం బస్సెక్కుతుంటే రొట్టెలాయన, 'రేపు కూడా వస్తారా పిన్నిగారూ' అని అడిగాడు. మీకు ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది. నాకు ఒక పూట."

"ఏమన్నావు?"

"ఎదురిల్లు ఖాళీగానే ఉంది. రెండు గదులు. వీధి గదిలో పెద్ద కిటికీ. తెరిస్తే బస్సు, దుకాణం, కొండ అన్నీ కనిపిస్తాయి. సున్నం వెయ్యాలి. వస్తానని చెప్పేశాను." కాబేజీ మీద ఆకు ఒకటి ఊడితే సర్దింది. "మిమ్మల్ని అడక్కుండా చెప్పాను. మీరు ఈ ఊళ్ళోనే ఉండాలంటే చెప్పండి. ఇప్పుడే చెప్పాలి."

టైము ఐదు ఇరవై.

"పట్టాలు కనిపించవా?" అన్నాడు.

"కనిపించవు. వినిపించవు కూడా. కొండ అడ్డు."

ఆయన కిటికీ వైపు చూశాడు. కూడలిలో నీడలు సాగుతున్నాయి. ఈ ఊళ్ళో ఇప్పుడు ప్రతివాడూ తనని ఎరుగును. నిన్న ఉదయం దాకా ఇదే కావాలనుకున్నాడు. నిన్న సాయంత్రం దొరికింది కూడా. అది నిజంగా బాగుంది. అయినా ఇప్పుడు ఆయన మనసు కొండ అవతల తిరుగుతోంది. వంకర వీధి, పిండి మీద కోళ్ళు, గొడ్డలి మనిషి. వాటిలో ఒక్కటీ ఆయన చూడలేదు. ఏదీ వంపు దగ్గర ఆగలేదు కూడా.

"ఆ గొడ్డలి చివరికి ఎవరిదట?" అన్నాడు.

"చెప్పనుగా. వచ్చి కనుక్కోండి."

"పెరడు ఎలా ఉంది?"

"చూడలేదు. వెనక తలుపు బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు."

"అయితే ముందు నుంచే వెళ్ళాలన్నమాట."

"అందరూ అలాగే వెళ్తారండీ."

ఆయన నవ్వాడు. నవ్వి, బకెట్ పక్కకి జరిపి, "ఫోన్ చెయ్యి. ఆరవుతోంది" అన్నాడు.

ఆవిడ ఫోన్ చేసింది. అవతల చెల్లెలు అందుకున్న వెంటనే మొదలుపెట్టింది. పొద్దున్నుంచి ఎక్కడున్నావు, బావగారు మింగలేకా కక్కలేకా మాట్లాడుతున్నారు, ఇంతకీ సామాను ఎప్పుడు పంపుతున్నారు. ఆవిడ అంతా విని, సందు దొరికాక నెమ్మదిగా చెప్పింది.

"మేం రావట్లేదే. వాళ్ళకి ఇచ్చెయ్యి."

చెల్లెలి గొంతు గది అంతా వినిపించింది. "ఏముందే అక్కడ? పోనీ నాలుగు రోజులు ఇక్కడికొచ్చి ఆలోచించుకోండి. రేపు బయల్దేరండి."

"రేపు కుదరదు. ఎనిమిదింటి బస్సుకి ఒక పంపు, రెండు బాతులు వస్తున్నాయి. నేను అక్కడ లేకపోతే అవి పిండిలోకి వెళ్తాయి."

"బాతులేంటే? ఎవరివి?"

"అదే రేపు తెలుస్తుంది" అంది ఆవిడ. అప్పటికే ఆయన మంచం అంచుకి జరిగి, వాచిన కాలికి చెప్పు పడుతుందో లేదో చూసుకుంటున్నాడు.